విరామ చిహ్నాలు రాకముందు: బిగ్గరగా చదవడం వెనుక ఉన్న చరిత్ర



మన బడులలో తరచుగా వినిపించే ఒక ఫిర్యాదుతో ఈ వ్యాసం ప్రారంభిస్తాను. "మా పిల్లవాడికి అక్షరాలన్నీ వచ్చు, ఒత్తులు కూడా తప్పు లేకుండా పలుకుతాడు. కాని కథ చదువుతుంటే పద్దు చదివినట్లు ఉంటుంది." పులి మాట్లాడినా, ఆవు మాట్లాడినా, కథ చెప్పేవారు మాట్లాడినా ఒకటే గొంతు. ప్రశ్న వచ్చినా అదే స్థాయి, ఆశ్చర్యం వచ్చినా అదే స్థాయి. వాక్యం ముగిసిన చోట ఆగడు. ఊపిరి అయిపోయిన చోట ఆగుతాడు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ లోపం కొంత తనంతట తానే సర్దుకుంటుంది. బడి దాటి బయటికి వస్తే అంగడిలో, బస్సులో, అరుగు మీద తెలుగువారు ప్రశ్నించే తీరు, గద్దించే తీరు, బుజ్జగించే తీరు బిడ్డ చెవిలో పడుతూనే ఉంటుంది. బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో, సోలాపురంలో పెరిగే మన బిడ్డ సంగతి వేరు. అతని చెవికి తెలుగు అందేది ఇంట్లో కొంత, బడిలో ఒక పీరియడు. ఆ పీరియడులో కూడా గొంతు లేని తెలుగే వింటే, అతనికి తెలుగు ఒక మాట్లాడే భాషగా కాక మార్కులు తెచ్చే ఒక సబ్జెక్టుగా మిగిలిపోతుంది. అందుచేత ఇది ఉచ్చారణకు సంబంధించిన చిన్న విషయం కాదని మనవి.

ఈ లోపానికి పిల్లవాడి అశ్రద్ధ ఒక్కటే కారణమని అనుకోవడం సరికాదు. కామా, చుక్క, ప్రశ్నార్థకం, కొటేషన్లు అనే గుర్తులు తెలుగులో పుట్టినవి కావు. అవి రాకముందు కొన్ని వందల ఏళ్ళు మనవారు బిగ్గరగానే చదివారు. ఆ చదువు ఎట్లా సాగిందో తెలుసుకుంటే నేటి తరగతికి పనికివచ్చే సంగతులు కొన్ని దొరుకుతాయి.

తాటాకు మీది చదువు

తాటాకు మీద గంటంతో రాసిన పాత ప్రతిని ఎప్పుడైనా చూశారా? పదానికి, పదానికి నడుమ ఖాళీ ఉండదు. అక్షరాలు ఒకదాని వెంట ఒకటి ఆకు చివరి వరకు సాగిపోతాయి. పద్యం ముగిస్తే ఒకటో, రెండో నిలువు గీతలు ఉండవచ్చు. అంతకు మించి ఎక్కడ ఆగాలో, ఎవరు మాట్లాడుతున్నారో, అది ప్రశ్నో కాదో తెలిపే గుర్తులు సాధారణంగా కనబడవు.

మరి చదివేవారికి దారి చూపింది ఏమిటి? మొదటిది ఛందస్సు. పద్యానికి ముందు క., సీ., తే., ఉ., చ. అని పొడి అక్షరం ఉంటుంది. అది చూడగానే చదువరికి ఇది కందమనీ, సీసమనీ, దాని నడక ఇదనీ తెలిసిపోతుంది. వ. అని ఉంటే వచనం. తెలుగులో యతి అంటే ఆగడం కాదు, అక్షరాల మైత్రి. అయినప్పటికీ ఆ స్థానంలో చెవికి ఒక మెట్టు తగులుతుంది. పాదం ఎక్కడ ముగిసిందో ప్రాస చెబుతుంది.

రెండవది మాటలోనే ఉన్న గుర్తు. పాత కావ్యాలలో ఒక పాత్ర మాట ముగిసిందని చెప్పడానికి "అనిన", "అనుటయు", "అనవుడు", "నావుడు" వంటి మాటలు వస్తాయి. ఆ మాట చెవిలో పడగానే వినేవారు గ్రహిస్తారు: ఇంతవరకు ఒకరు మాట్లాడారు, ఇక గొంతు మారుతుంది.

మూడవది గురువు నోరు. పుస్తకం ఒక్కటే ఉన్నప్పుడు పాఠం గురువు నోటి నుండి శిష్యుని చెవికి చేరేది. చదువరికి ఉండవలసిన గుణాలను, ఉండకూడని దోషాలను సంస్కృత శిక్షా గ్రంథాలు పట్టికగా చెప్పాయి. పాణినీయ శిక్ష అధమ పాఠకులుగా లెక్కించిన వారిలో రాగం తీసి చదివేవాడు, హడావుడిగా చదివేవాడు, తల ఊపుతూ చదివేవాడు, రాసి ఉన్నదాన్ని ఉన్నట్టుగా అప్పజెప్పేవాడు, అర్థం తెలియకుండా చదివేవాడు, గొంతు పెగలనివాడు ఉన్నారు. మంచి పాఠకుని గుణాలలో అక్షరాలు స్పష్టంగా పలకడంతో పాటు పదాలను విడదీసి చదవడం కూడా ఒకటి.  విడదీయడం అప్పుడు రాతగాడి పని కాదు, చదువరి పని.

బళ్ళారి జిల్లా, 1823

ఇక మన ప్రాంతపు బడుల సంగతికి వద్దాం. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధాని పరిధిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వాటిలో ప్రసిద్ధమైనది. ఈ క్యాంబెల్ 1816లో మద్రాసులో తెలుగు వ్యాకరణాన్ని అచ్చు వేయించినవాడు కూడా. అందుచేత అతడు భాష తెలిసి చూసినవాడు.

ఆ నివేదిక ప్రకారం జిల్లాలో మొత్తం 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ 23, పారసీ 21, తమిళం 4, ఇంగ్లీషు 1; సంస్కృత శాస్త్రాలు చెప్పేవి మరొక 23. నాటి బళ్ళారి జిల్లా చాలా పెద్దది. అనంతపురం దాని నుండి వేరైనది 1882లో. కనుక ఈ 226 తెలుగు బడులు నేడు రెండు రాష్ట్రాలలో ఉన్న ఊళ్ళకు చెందినవి. అయినా కన్నడ బడికి, తెలుగు బడికి సంఖ్యలో అంత దగ్గరితనం ఉండడం గమనించదగినది.

ఆ బడులలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. రామాయణ, భారత, భాగవతాలలోని భాగాలు, పంచతంత్రం వంటి కథలు వల్లించేవారు. క్యాంబెల్ చెప్పిన ప్రధానమైన ఆక్షేపణ ఏమిటంటే, పద్యాలలోని భాష వాడుకలోని భాష కాదు. పిల్లలు ఎన్నో పద్యాలు ఒప్పజెబుతారు గాని, అర్థం విషయంలో చిలుక కంటే మెరుగు కాదు. చాలాచోట్ల చెప్పే అయ్యవారికి కూడా అర్థం తెలియదు.

ఈ విమర్శను మనం కాదనలేము. అయితే రెండవ వైపు కూడా చూడాలి. ఆ బడిలో చదివిన పిల్లవాడికి లయ తెలుసు. దీర్ఘం ఎంతసేపు పలకాలో, ద్విత్వం ఎంత గట్టిగా పలకాలో, పాదం చివర గొంతు ఎట్లా దిగాలో అతని చెవికి తెలుసు. అర్థం లేని గొంతు అతనిది. నేటి మన విద్యార్థిది దానికి ఎదురు స్థితి: ప్రశ్నకు జవాబు రాయగలడు, అంటే అర్థం తెలుసు, గొంతు లేదు. పాత బడి సగం ఇచ్చింది, కొత్త బడి మిగతా సగం ఇచ్చింది. రెండు సగాలు ఒకే పిల్లవాడికి ఏకకాలంలో అందలేదు.

అచ్చుతో వచ్చిన గుర్తులు

తెలుగు అక్షరం అచ్చులోకి వెళ్ళింది మన దేశంలో కాదు. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746, 1747లలో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు ముద్రించాడు. 1814లో శ్రీరాంపురం నుండి విలియం కేరీ తెలుగు వ్యాకరణం వెలువడింది. తరువాత మద్రాసు కేంద్రంగా ముద్రణ పెరిగింది. ఇంగ్లీషు అచ్చు అలవాట్లతో పాటు పదాల నడుమ ఖాళీ, చుక్క, కామా, ప్రశ్నార్థకం క్రమక్రమంగా తెలుగు పుటలోకి వచ్చాయి. 19వ శతాబ్దమంతా ఈ మార్పు మెల్లగా సాగింది.

గుర్తులు వచ్చినంత మాత్రాన వాటికి వ్యాకరణంలో చోటు దొరకలేదు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. సంజ్ఞతో మొదలై ప్రకీర్ణకంతో ముగిసే పది పరిచ్ఛేదాలు అందులో ఉన్నాయి. సంధికి ఒక పరిచ్ఛేదం, సమాసానికి ఒకటి. విరామ చిహ్నాలకు ఏదీ లేదు. అది ఆ మహానుభావుని లోపం కాదు. నాటికి అవి అచ్చువారి వ్యవహారమే గాని భాషా వ్యవహారం కాదు. పూర్ణవిరామం, అల్పవిరామం, అర్ధవిరామం, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం అని తెలుగు పేర్లు పెట్టుకున్నాం. ఐనా తరగతిలో మనం అనేది "కామా", "ఫుల్‌స్టాపు" అనే కదా!

ఫలితం ఏమైంది? తెలుగు ఉపాధ్యాయుని శిక్షణలో సంధికి, సమాసానికి, ఛందస్సుకు దక్కిన స్థానం ఈ గుర్తులకు దక్కలేదు. వాటిని ఇంగ్లీషు మాస్టారు చెబుతారులే అని వదిలివేయడం పరిపాటి అయింది. ఇంగ్లీషు సూత్రం తెలుగు వాక్యానికి పూర్తిగా అతకదు. ఎందుకో చూడండి.

'అని' చేసే పని

ఇంగ్లీషులో అవును, కాదు అని జవాబు కోరే ప్రశ్నకు మాటల వరుస మారుతుంది. తెలుగులో వరుస మారదు. చివర 'ఆ' చేరుతుంది. వచ్చాడు, వచ్చాడా. ఒత్తి చెప్పడానికి 'ఏ' చేరుతుంది: వాడే. సందేహానికి 'ఓ' చేరుతుంది: వస్తాడో, రాడో. కనుక మన భాషలో ప్రశ్నార్థకం రాతలో కంటే ముందే మాటలో ఉంది.

"ప్రశ్న గుర్తు కనబడితే చివర గొంతు పైకి ఎత్తు" అని పిల్లలకు చెబుతాం. "నువ్వు వస్తావా?" అన్నప్పుడు ఇది సరిపోతుంది. "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?" అన్నప్పుడు సరిపోదు. అక్కడ బరువు పడేది "ఎక్కడికి" అనే మాట మీద. చివర గొంతు దిగవచ్చు. ఇంట్లో ఆ మాట ఎట్లా అంటామో ఒకసారి పైకి అని చూడండి. ఈ తేడా చెప్పకపోతే పిల్లవాడు అన్ని ప్రశ్నలకూ ఒకే తోక తగిలిస్తాడు.

సంభాషణ సంగతి ఇంకా ఆసక్తికరం. పాత "అనుటయు", "నావుడు" పోయి నేడు మనకు మిగిలినది "అని". ఇది పరుల మాటను మూసే తలుపు వంటిది. ఈ తలుపుకు ఒక విశేషం ఉంది: మూయడమే గాని తెరవడం దీనికి తెలియదు. ఈ రెండు వాక్యాలు చూడండి.

రాజు ఊరికి వెళ్ళాడు అని గోపి చెప్పాడు.
రాజు ఊరికి వెళ్ళాను అని గోపితో చెప్పాడు.

మొదటిదానిలో "రాజు" అనే పేరు గోపి మాటలో భాగం. రెండవదానిలో మాట్లాడినవాడే రాజు. అతని మాట "ఊరికి" దగ్గర మొదలవుతుంది. రెండు వాక్యాలూ ఒకే విధంగా ప్రారంభమైనాయి. "వెళ్ళాడు", "వెళ్ళాను" అనే చోటికి వచ్చేవరకు తేడా తెలియదు. అప్పటికి పిల్లవాడు "రాజు" అనే మాట పలికేసి ఉంటాడు. ముందే తెలిస్తే రెండవ వాక్యంలో "రాజు" తరువాత కొంచెం ఆగి, గొంతు మార్చి ఉండేవాడు. కొటేషన్ గుర్తులలో మనకు నిజంగా అవసరమైనది ముగింపు గుర్తు కంటే ప్రారంభపు గుర్తు అని దీనివలన తెలుస్తున్నది. ముగింపు పనిని "అని" ఏనాడో చేస్తున్నది.

సంధి మరొక చిక్కు తెచ్చింది. "రాను", "అన్నాడు" కలిసి "రానన్నాడు" అవుతాయి. ఇక గుర్తు ఎక్కడ పెట్టగలం? పాత్ర మాట, రచయిత మాట ఒకే పదంలో ముద్దగా కలిసిపోయాయి. గుర్తు పెట్టాలంటే సంధి విడదీయాలి. అచ్చు పుస్తకంలో సంభాషణ చోట సంధి సడలడానికి ఇది కూడా తోడ్పడింది.

మన సరిహద్దు బడులకు ఇక్కడ ఒక అనుకూలం ఉంది. మన పిల్లలకు తెలిసిన రెండవ భాషలో కూడా ఇటువంటి మాట ఉంది. కన్నడంలో "ఎందు", మాటలో "అంత", తమిళంలో "ఎన్రు", మరాఠీలో "మ్హణూన్", ఒడియాలో "బోలి". ఇవన్నీ మన "అని" చేసే పనినే చేస్తాయి. కన్నడంలో ప్రశ్నకు చివర 'ఆ' కూడా చేరుతుంది. బళ్ళారి పిల్లవాడికి "బర్తీయా" అనడం వచ్చు. అదే గొంతుతో "వస్తావా" అనమంటే వెంటనే పట్టుకుంటాడు. పొరుగు భాషను అడ్డంకి అనుకోకుండా సాయానికి పిలవవచ్చునన్నమాట.

రంగస్థలం, పర్లాకిమిడి బడి

అర్థాన్ని, గొంతును కలిపిన చోటు ఒకటి 19వ శతాబ్ది చివర మన బళ్ళారిలోనే కనబడుతుంది. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను ఇక్కడే నడిపారు. ఇద్దరూ న్యాయవాదులు, ఇద్దరూ నాటక రచయితలు. నాటక ప్రతిలో పాత్ర పేరు అంచున ఉంటుంది, దాని పక్కన మాట. అక్కడ "అని" అవసరం లేదు. ఎవరి మాటో పేరు చెబుతుంది, ఎట్లా అనాలో నటుని గొంతు చెప్పాలి. ఆ తరువాతి తరంలో బళ్ళారి రాఘవ (1880–1946) పద్యాన్ని రాగాలాపనతో సాగదీయడం కంటే భావం పలికించడం ముఖ్యమని నటించి చూపాడు. శిక్షా గ్రంథం రాగం తీసి చదివేవాణ్ణి అధమ పాఠకుడన్న మాట ఇక్కడ గుర్తుకు వస్తుంది.

గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయింది. పెంచి రాసిన రెండవ కూర్పు 1909లో వచ్చింది. ఆయన దిద్దుబాటు కథ 1910 నాటిది. ఆ కథ ఎవరు, ఎక్కడ అని చెప్పకుండా సరాసరి ఒక పాత్ర పిలుపుతో మొదలవుతుంది. అటువంటి ప్రారంభాన్ని చదివి వినిపించాలంటే గుర్తులను గమనించక తప్పదు.

ఇక గిడుగు రామమూర్తి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరి, అక్కడి నుండే వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపారు. శిష్టులు మాట్లాడే భాషలోనే పాఠం ఉండాలన్న ఆయన వాదం మన విషయానికి నేరుగా సంబంధించినది. "వచ్చుచున్నాడవా?" అనే ప్రశ్నను పిల్లవాడు ఏ గొంతుతో చదవాలి? ఆ మాట అడిగిన మనిషిని అతడు ఎన్నడూ వినలేదు. "వస్తున్నావా?" అంటే అమ్మ గొంతు వెంటనే గుర్తుకు వస్తుంది. వాచకాలలోకి వాడుక భాష వచ్చిన తరువాతనే సంభాషణను సహజంగా చదవడం సాధ్యమయింది. 1936లో పర్లాకిమిడి కొత్తగా ఏర్పడిన ఒడిశా రాష్ట్రంలో చేరినప్పుడు రామమూర్తి గారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఈ ఊళ్ళలో పుట్టిన పద్ధతులు అక్కడే ఉండిపోయిన మన పిల్లలకు అందకపోతే అది మనకు బాధ కలిగించవలసిన విషయమే.

తరగతి గదిలో

పై చరిత్ర నుండి తరగతికి ఉపయోగపడే కొన్ని పనులు మనవి చేస్తాను. ఖర్చు లేనివి, చిన్న తరగతులకు సరిపోయేవి.

మొదట కన్ను, తరువాత నోరు. ఏ వాక్యాన్నయినా బిగ్గరగా చదవడానికి ముందు ఒకసారి మౌనంగా చివరి వరకు చూడనివ్వండి. క్రియ మన భాషలో చివర వస్తుంది కనుక ఇది ఇంగ్లీషులో కంటే మనకు ఎక్కువ అవసరం.

"అని" వేట. పాఠంలో "అని", "అన్నాడు", "అంది" ఉన్నచోట పెన్సిలుతో గీత గీయించండి. అక్కడి నుండి వెనక్కి నడిచి, మాట ఎక్కడ మొదలైందో కనుక్కోమనండి. ఆ చోట కొటేషన్ ఉన్నదో లేదో చూడమనండి. కొటేషన్లు తీసివేసి నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత పెట్టించడం మరింత మంచిది.

చప్పట్లతో విరామం. కామాకు ఒక చప్పట్టు, చుక్కకు రెండు. అలవాటైన తరువాత చప్పట్లు మానివేసి ఊపిరి మాత్రం తీసుకోమనండి.

ఒకే మాట, నాలుగు గొంతులు. "వచ్చావా" అనే మాటను సంతోషంతో, కోపంతో, భయంతో, వెటకారంతో అనిపించండి. గుర్తు ఒక్కటే అయినా సందర్భం గొంతును మారుస్తుందని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

పాత్రలు పంచుకొని చదవడం. ఒకరు కథకుడు, మిగిలినవారు పాత్రలు. "అని అన్నాడు" అనేది కథకుని మాట, పాత్రది కాదు. ఈ ఒక్క సంగతి స్పష్టమైతే సగం పని అయినట్టే.

ఒక్క జాగ్రత్త. అభినయం పేరుతో అరిపించవద్దు. తల ఊపడం, చేతులు తిప్పడం, ప్రతి మాటనూ సాగదీయడం మంచి చదువు కాదు. మెల్లగా మాట్లాడే బిడ్డను మెల్లగానే చదవనివ్వండి. చివరి బల్ల వరకు వినబడితే చాలు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ ఇంట్లో అవ్వ, తాత ఉంటే వారానికి ఒక సాయంకాలం బిడ్డ చేత వారికి ఒక పుట చదివించండి. అదే కథను వారి నోట మళ్ళీ చెప్పించండి. అవ్వకు కామా ఎక్కడ పెట్టాలో తెలియకపోవచ్చు. ఎక్కడ ఆగాలో మాత్రం ఆమెకు బాగా తెలుసు. ఆమె ఆగిన చోట పుస్తకంలో ఏ గుర్తు ఉన్నదో బిడ్డ చేత వెతికించండి. ఇదంతా పది నిమిషాల పని. మన ఊళ్ళలో ఆ గొంతులు ఇంకా ఉన్నాయి కనుక ఈ సంవత్సరమే మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాను.